రాత్రివేళ వచ్చినవాని అధ్యాయము: భక్తసింగు గారి జీవితమునుండి ఒక పాఠము

చదువవలసిన వేదభాగములు: యోహాను 3:1–21; 7:45–52; 19:38–42; మత్తయి 5:33–37



మేము కాపురముండు పల్లె కాణిపాకమునకు దగ్గరనే యున్నది. తెల్లవారుజామున గుడి మైకు మా మందిరపు వాకిటిలోనికి వినబడును. ఈ ప్రాంతమున ఇద్దరి నడుమ తగవు వచ్చి, అప్పు తీర్చితినని ఒకడు, తీర్చలేదని యొకడు మాటకు మాట పెంచుకొనినప్పుడు చివరకు తప్పక వచ్చు మాట యొకటి కలదు: “కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?” సగము తగవులు ఆ మాటతోనే తేలిపోవును. బావిలో తానే వెలసెనని వారు నమ్ము వరసిద్ధి వినాయకుని యెదుట స్నానముచేసి నిలిచి అబద్ధమాడుటకు మా వైపు ఎవనికిని గుండె చాలదు. రాజకీయ నాయకులు సహితము ఒకరినొకరు ఈ ఊరికే రమ్మని పత్రికలలో సవాలు చేసికొనుచుందురు. సవాలు చేసినంత మంది వచ్చుట లేదు, అది వేరు సంగతి.

ఇక్కడి బాహుదా యేటికి ఆ పేరు వచ్చుటకు పెద్దలు ఒక కథ చెప్పుదురు. శంఖుడు, లిఖితుడు అను అన్నదమ్ములు పోవుచుండగా తమ్ముడు ఆకలికి తాళలేక ఒక తోటలోని మామిడిపండును అడుగక కోసికొని తినెనట. అన్న వానిని రాజునొద్దకు పంపెను. రాజు వాని చేతులు నరికించెను. తరువాత ఈ యేట మునిగి లేచునప్పటికి చేతులు మరల వచ్చెనట. ఇది మన పొరుగువారి కథ. మేము దీనిని ఎగతాళి చేయము. ఒక్క మామిడిపండుకొరకు ఇంత లెక్క చూచిన కథ ఏ ఊరిదైనను వినదగినదే.

మన ప్రభువు కొండమీది ప్రసంగములో అసలు ఒట్టే పెట్టుకొనవద్దనెను. ఔనన్నది ఔనుగాను, కాదన్నది కాదుగాను ఉండవలెననెను. కాణిపాకపు పొలిమేరలో నిలిచి ఈ భాగమును ప్రసంగించుట సులభము. ‘మేము ప్రమాణములు చేయువారము కాము, మా మాటయే ప్రమాణము’ అని మేము పలుమార్లు బల్లగ్రుద్ది చెప్పియున్నాము. అయితే మా బాప్తిస్మపు రిజిష్టరును ఎవరైన తెరచి చూచినయెడల, అందులో వరుస సంఖ్యలు అచ్చువేసియున్న మూడు గడులు ఖాళీగా కనబడును. పై వరుసలో పేరున్నది, క్రింది వరుసలో పేరున్నది. నడుమ ఏమియు లేదు. ఆ మూడు బాప్తిస్మములు ఇచ్చినది మేమే. వ్రాయక విడిచినదియు మేమే.

ఎందుకు విడిచితిమో పల్లె సంఘములయందు పనిచేయు సోదరులకు చెప్పనక్కరలేదు. పట్టణపు చదువరులకొరకు చెప్పుచున్నాము. 1950వ సంవత్సరపు షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము హిందూ మతస్థుడు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కింపబడడు. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును ఈ అడ్డు తీసివేయబడెను. క్రైస్తవులకు తీసివేయబడలేదు. మన రాష్ట్రమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో ‘సి’ అను గుంపున చేర్చబడిరి. వారికి కేటాయించినది నూటికి ఒకటి. షెడ్యూల్డు కులములవారికి నూటికి పదునైదు. నీళ్లలో మునుగకముందు వాడు ఏ వాడలో పుట్టెనో, మునిగిన తరువాతను అదే వాడలో కాపురముండును. ఊరివారు పిలుచు పిలుపు మారదు, హోటలులో చూచు చూపు మారదు. మారునది తహసీల్దారు ఇచ్చు కాగితమొక్కటే. అందుచేత మన సంఘములలో రెండు పేర్లవారు ఎందరో యున్నారు. ఆదివారమున యోహాను, సోమవారమున కళాశాల హాజరు పట్టీలో మరియొకడు.

క్రిందటి సంవత్సరము వేసవిలో మా సంఘపు సోదరుడొకడు తన కుమారుని వెంటబెట్టుకొని చీకటి పడిన తరువాత మా యింటికి వచ్చెను. కుమారుడు పందొమ్మిదేండ్లవాడు, డిగ్రీ మొదటి సంవత్సరము. తనంతట తానే బాప్తిస్మము కోరుకొనెను. తండ్రి మాత్రము చేతులు నలుపుకొనుచు, “అయ్యగారూ, వాడికి బాప్తిస్మం ఇయ్యండి, వద్దనేదిల్యా. పుస్తకంలో మాత్రం రాయొద్దండి. ఆ కాగితం పోతే వాడి సదువు పోతాది,” అనెను. నాలుగవ ఖాళీ గడి మా కన్నులయెదుట కనబడెను. ఈసారి మాకు నోరు రాలేదు. వారము దినములు ఆగుడని చెప్పి పంపివేసితిమి. ఆ వారము మేము ఇంటనున్న భక్తసింగు గారి జీవితచరిత్రను మరల చదివితిమి. దాచిపెట్టుమని అడిగినప్పుడు దాచని మనుష్యునిగురించి తెలిసికొనవలెనని అనిపించినందున చదివితిమి.

ఆ పేరు ఎరుగని తెలుగు క్రైస్తవుడుండడు. పంజాబులో ‘బఖ్త్’ అనగా భాగ్యము. మనవారు దానిని ‘భక్త’ అని పలికి తమవానిని చేసికొనిరి. ఆయనను మేము సజీవునిగా ఎన్నడును చూడలేదు. 2000వ సంవత్సరము సెప్టెంబరు 17న, తన తొంబది యేడేండ్ల వయస్సున, హైదరాబాదులోని హెబ్రోనులో ఆయన నిద్రించినప్పుడు మేము ఆ పట్టణమున వేదాంత విద్యార్థులము. గోల్కొండ చౌరస్తా మా నివాసమునకు దూరము కాదు. కొందరము కలిసి చూడబోతిమి. నెల్లూరు, గుంటూరు పల్లెలనుండి రాత్రి బస్సులలో వచ్చినవారు చంకన బైబిలు, చేతిలో సద్దిమూటతో వరుసలలో నిలువబడియుండిరి. ఏడ్చువారికన్న పాడువారు ఎక్కువ. 22న నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఆయనను ఉంచిరి. అంత జనమును మేము మరి ఎవరి సమాధికిని చూడలేదు. ఆ దినమున ఆకాశమందు వింతలు కనబడెనని చెప్పువారు నేటికిని కలరు. మేము ఆకాశమువైపు చూడలేదు. జనులవైపు చూచుచుంటిమి. మాలో ఒకడు మెల్లగా, “వీరిలో సగముమంది మన సంఘములనుండి పోయినవారే,” అనెను. ఆ మాట నిజము, అందుచేత ఎవరమును బదులు చెప్పలేదు.

ఆయన 1903వ సంవత్సరము జూన్ 6న పంజాబులోని జోయియా అను గ్రామమున కలిగిన సిక్కు కుటుంబమున పుట్టెను. మిషను పాఠశాలలో చదివియు క్రైస్తవులనిన గిట్టని బాలుడు. పరీక్షలో నెగ్గినప్పుడు బహుమానముగా వచ్చిన బైబిలును చింపివేసి, పై అట్ట తోలుది, మంచిదని అట్టను మాత్రము ఉంచుకొనెనని ఆయనే తన సాక్ష్యములో చెప్పుచుండెను. 1926లో యంత్రవిద్య నేర్చుటకు లండనులోని కింగ్స్ కాలేజీకి వెళ్లెను. తండ్రి మొదట ఒప్పుకొనలేదు. తల్లి సహాయము చేసెను, అయితే మతము మార్చుకొనరాదని మాట తీసికొనెను. కుమారుడు మాట ఇచ్చెను. దీనిని జ్ఞాపకముంచుకొనుడి, మరల ఈ మాటకు రావలసియున్నది.

ఇంగ్లాండు చేరిన కొలది మాసములలోనే తలవెండ్రుకలు, గడ్డము తీసివేయించుకొనెను. పొగ, మద్యము అలవడెను. దేవుడే లేడనుకొనెను. తల్లికి ఇచ్చిన మాట అక్షరార్థముగ చెడలేదు, ఎందుకనగా అతడు మరియొక మతమున చేరలేదు. ఉన్నదానిని విడిచెను, అంతే. ఇటువంటి లెక్కలు మన యిండ్లలోను జరుగుచున్నవి. కుమారుడు త్రాగుబోతైనను ‘మన కులములోనే యున్నాడు గదా’ అని ఊరడిల్లు తలిదండ్రులను మేమెరుగుదుము.

1928లో కెనడాకు పోవు ఓడలో ఒక ఆరాధన జరిగెను. తోటివారు వెళ్లుచుండగా మర్యాదకొరకు ఇతడును వెళ్లెను. అందరును మోకరించిరి. ఇతనికి మోకరింప మనసు రాలేదు. నా దేశమేమి, నా జాతియేమి, నా మతమేమి అను గర్వము అడ్డుపడెను. లేచిపోవుదమనిన ఇరువైపుల మనుష్యులున్నారు. చివరకు మోకరించెను. ఆ క్షణమున చెప్పనలవికాని సంతోషము కలిగినదనియు, యేసు నామము నోటినుండి మరల మరల వచ్చినదనియు ఆయన సాక్ష్యము. అయినను అటుతరువాత సంవత్సరముకంటె ఎక్కువ కాలము గడచినగాని బైబిలు చేత పట్టలేదు. పరిశుద్ధుల జీవితములు చెప్పునప్పుడు మనవారు ఈ ఖాళీ మాసములను దాటవేయుదురు. మాకు మాత్రము అవి ఆదరణ కలిగించుచున్నవి.

1929 డిసెంబరు 14న, కెనడా దేశపు విన్నిపెగ్ నగరములో వ్యవసాయ యంత్రవిద్య చదువుచున్నప్పుడు, ఒక స్నేహితునినడిగి క్రొత్త నిబంధన పుచ్చుకొనెను. రాత్రి మూడు గంటలవరకు చదివెను. మరునాడు మంచు కప్పియుండెను, మంచము దిగక చదివెను. మత్తయి, మార్కు, లూకా ముగించి యోహాను సువార్తలోనికి వచ్చెను. మూడవ అధ్యాయము మూడవ వచనము దగ్గర ఆగిపోయెను. వచనమంతయు కాదు, మొదటి మాటలే ఆపివేసెను.

ఇక్కడ కొంచెము నిలువవలెను. ఆయన చేతిలోనున్న ఆంగ్ల తర్జుమాలో ‘నిశ్చయముగా’ అను మాట జంటగా రెండుమారులున్నది. గ్రీకులో ‘ఆమేన్, ఆమేన్’. మన తెలుగు బైబిలులో ఒక్కమారే వ్రాసిరి, అదియు వచనము చివరకు పోయినది. కాబట్టి తెలుగులో చదువు మనకు ఆ దెబ్బ తగలదు. ఇతర సువార్తలలో ఈ ‘ఆమేన్’ ఒంటిగా వచ్చును. జంటగా వ్రాసినది యోహాను ఒక్కడే, ఇరువదియైదు చోట్ల. మనము ప్రార్థన ముగించి ఆమేన్ అందుము. ప్రభువు మాట మొదలుపెట్టుటకు ముందే ఆమేన్ అనెను. ఇతరులు దేవుని తోడనియో ఆకాశము తోడనియో చెప్పి తమ మాటకు బలము తెచ్చుకొందురు. ఆయన ఏ గుడిమీదను, ఏ పేరుమీదను ఒట్టు పెట్టుకొనలేదు. తన మాటకు తానే సాక్షియై నిలిచెను. కాణిపాకపు వాకిటిలో పెరిగిన మాకు ఇది ఎంత పెద్ద సంగతియో వేరుగా చెప్పనక్కరలేదు.

భక్తసింగుకు ఎవరో ప్రక్కను నిలిచి ఆ మాటలనే తనతో మరల మరల చెప్పుచున్నట్టుండెను. బైబిలు పాశ్చాత్యుల పుస్తకమని అతడు అంతకుముందు అనుచుండెను. కాని ఆ వచనము పాశ్చాత్యులతో మాటలాడుట లేదు, ‘నీతో’ అనుచున్నది. చింపివేసిన బైబిలు, త్రాగుడు, అబద్ధములు, అన్నియు జ్ఞాపకమునకు వచ్చి ఏడ్చెను. ఆ దినములలో ప్రభువు పాదములయొద్దకు వచ్చెను. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరు నగరమున బాప్తిస్మము పొందెను.

తల్లికి ఇచ్చిన మాటయొక్క సంగతి ఇప్పుడు వచ్చినది. గడ్డము తీసినను, దేవుడు లేడన్నను నిలిచియున్న మాట ఈ బాప్తిస్మముతో చెడెను. దీనిని మేము కప్పిపుచ్చము. ప్రభువుకొరకు మాట తప్పినవాడు, ప్రభువుకొరకు ఆ తప్పును దాచకుండుటైనను చేయవలెను గదా. 1933 ఏప్రిల్ 6న ఓడ బొంబాయి చేరెను. ఏడేండ్ల తరువాత కుమారుని చూచుటకు తలిదండ్రులు అక్కడికి వచ్చిరి. వారు కోరినది పెద్ద కోరిక కాదు. ప్రభువును విడువుమని అనలేదు. ఇంటి పరువు నిలుచునట్లు సంగతి బయట చెప్పకుము, చాలును అనిరి. మా యింటికి వచ్చిన తండ్రి అడిగినదియు సరిగా అదే.

కుమారుడు కుదరదనెను. ఊపిరి పీల్చక ఎట్లు బ్రదుకుదును, క్రీస్తు నాకు ఊపిరి అను అర్థము వచ్చునట్లు చెప్పెను. తలిదండ్రులు ఆయనను బొంబాయిలోనే విడిచి వెళ్లిపోయిరి. ఇంజనీరు చదువు చదివివచ్చినవాడు ఇల్లు లేనివాడాయెను. అవసరములను మనుష్యులకు చెప్పక దేవునికే చెప్పవలెననియు, ఏ మిషనులోను చేరక అందరికిని సమానముగా సేవ చేయవలెననియు, తన ఏర్పాట్లు తాను చేసికొనరాదనియు తీర్మానించుకొని వచ్చినవాడు గనుక, కరాచీ వీధులలో నిలిచి బోధించెను.

అటుతరువాతి చరిత్ర అనేకులెరిగినదే. 1937లో పంజాబులోని మార్టిన్‌పూరు అను క్రైస్తవ గ్రామమున గొప్ప ఉజ్జీవము కలిగెను. 1938లో ఆయన మద్రాసు వచ్చెను. మొదట మిషను మందిరములన్నియు ఆయనకు వాకిళ్లు తెరచెను, తరువాత అనేకము మూసివేసెను. 1941లో పల్లావరపు కొండమీద తోటివారితో రాత్రియంతయు ప్రార్థించి, ఆ యేటనే మద్రాసులో ‘యెహోవా షమ్మా’ను ప్రారంభించెను. ఆ సంవత్సరాంతముననే మొదటి పరిశుద్ధ సమాజ కూటము జరిగెను. లేవీయకాండము 23వ అధ్యాయమునుండి ఆ యేర్పాటు తీసికొనిరి. దినముల తరబడి వేలమంది పందిళ్లక్రింద చాపలమీద కూర్చుండి వాక్యము విని, ఒకే పంక్తిని భుజించుదురు. వడ్డించువాడు ఏ కులస్థుడో, తినువాడు ఏ కులస్థుడో అడుగరాదు. మన సంఘములలో వెనుకటి తరమువరకు ప్రభురాత్రి భోజనపు గిన్నె దగ్గరనే ఎవరు ముందు, ఎవరు వెనుక అను గొడవలుండినవి గనుక, ఆ చాపలమీది అన్నము చిన్న సంగతి కాదు. 1950లో హైదరాబాదున హెబ్రోను వెలసెను. అక్కడనుండి తెలుగు పల్లెలంతట సహవాసములు లేచెను. జీతములు లేవు, విదేశపు మిషను లేదు, శాఖకు పేరు లేదు. పేరు వద్దనినవానికి జనులు ఆయన పేరే పెట్టిరి. మా ప్రాంతమున నేటికిని ‘భక్తసింగు వారు’ అనియే అందురు.

ఇందులో మాకు కొంత నొప్పి కలదని దాచనేల. 1853లో స్కడరు సోదరులు ఆర్కాటు మిషనును స్థాపించిరి. 1863లో జేకబ్ చేంబర్లేను దొరగారు మదనపల్లెకు వచ్చి తెలుగువారి నడుమ మందులు, సువార్త రెండును పంచిరి. ఆ వేరునుండి మొలిచి, 1947లో దక్షిణ ఇండియా సంఘముగా ఐక్యమైన సంఘములలో మేము పెరిగినవారము. పాఠశాలలు, ఆసుపత్రులు, ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము ఆ ఐక్యత కంటె ముందటి మిషనుల ఫలములు. భక్తసింగు గారి అనుచరులలో కొందరు ఇవన్నియు నిర్జీవములన్నట్లు మాటలాడినప్పుడు మా మనస్సు నొచ్చుకొనెను, నొచ్చుకొనుచున్నది. మరల ఆయన బాప్తిస్మపు బోధలో మేము నేర్చుకొనని సంగతులును కలవు. అయితే జీతము తీసికొనుచు మూడు గడులు ఖాళీగా విడిచిన మేము, జీతము లేక బొంబాయి వీధిలో నిలిచినవానిమీద విమర్శ వ్రాయుటకు కలము తీసినప్పుడు చేయి ఆగినది.

వారము దినములు ముగిసినవి. తండ్రియు కుమారుడును మరల చీకటివేళనే వచ్చిరి. మేము భక్తసింగు గారి కథ అంతయు చెప్పితిమి. బొంబాయి రేవు దగ్గరకు వచ్చునప్పటికి మా గొంతు కొంచెము పైకి లేచెనేమో. పిల్లవాడు శ్రద్ధగా విని, “ఆయన ఇంజనీరు సదువు అయిపోయినాక కదా అయ్యగారూ చెప్పింది? నాకింకా మొదటి సంవత్సరమే,” అనెను. తండ్రి వాని నోరు మూయింపబోయెను. మాకు నవ్వు వచ్చెను, ఆ వెనుకనే సిగ్గును వచ్చెను. వాడన్నది అక్షరాల నిజము. కలిగినవాని కుమారుడు విడిచినది ఆస్తి. కూలివాని కుమారుని విడువుమనుచున్నది, ఇంకను చేతికి రాని అన్నము. రెండింటిని ఒక తక్కెడలో తూచినది మేము.

వారు వెళ్లిన తరువాత మేము యోహాను మూడవ అధ్యాయమును మొదటినుండి చదివితిమి. ఎన్నిమారులు ప్రసంగించియుంటిమో లెక్కలేదు, ఆ రాత్రివరకు మాకు తట్టని సంగతి యొకటి అందులోనుండెను. దాచక చెప్పిన భక్తసింగును పట్టుకొనిన ఆ వచనము మొదట ఎవనితో చెప్పబడెను? రాత్రివేళ వచ్చినవానితో. నీకొదేము యూదుల అధికారి. పగలు వచ్చిన పరువు పోవునని చీకటిలో వచ్చెను. ప్రభువు వానిని, పగలు రమ్మని త్రిప్పి పంపలేదు. నీ తోటి అధికారులయెదుట ముందు ఒప్పుకొని తరువాత రమ్మని షరతు పెట్టలేదు. ఆ జంట ఆమేన్ ఆ ఒక్క రాత్రియందే మూడుమారులు, మూడవ, అయిదవ, పదునొకండవ వచనములలో, ఆ దాగినవానికే ఇచ్చెను. అంతటితో అయిపోయెనని చెప్పుటకు వీలులేదు. అదే సంభాషణ చివర వెలుగును ద్వేషించువానిగురించియు, సత్యము చేయువాడు వెలుగునొద్దకు వచ్చుటనుగురించియు ఉన్నది. చీకటిలో వచ్చినవానిని కూర్చుండబెట్టి వెలుగునుగురించి చెప్పెను. త్రోసివేయనులేదు, చీకటి మంచిదని అననులేదు.

నీకొదేము ఆ రాత్రి ఏమి తీర్మానించుకొనెనో యోహాను వ్రాయలేదు. ఏడవ అధ్యాయములో సభవారు ప్రభువును పట్టుకొనవలెనని కోపపడుచున్నప్పుడు, ఒకని మాట వినకమునుపు తీర్పు తీర్చుట మన ధర్మశాస్త్రమా అని ఒక్క ప్రశ్న అడిగెను. సాక్ష్యమని చెప్పుటకు చాలదు. నీవును గలిలయుడవా అని ఎత్తిపొడిచిరి, ఊరకుండెను. పందొమ్మిదవ అధ్యాయములో, శిష్యులందరు చెదరిపోయిన సాయంకాలమున, బోళము అగరు విస్తారముగా మోయించుకొని సిలువయొద్దకు వచ్చెను. అరిమతయియ యోసేపు కూడ అంతవరకు రహస్య శిష్యుడే. ఆ సాయంకాలము దేహమును అడిగి తీసికొనినది బాహాటముగా వెంబడించిన పేతురు కాడు. యోహాను అక్కడకూడ నీకొదేమును ‘మొదట రాత్రివేళ వచ్చినవాడు’ అనియే గుర్తుచేయుచున్నాడు. ఆ మూడు చోట్ల నడుమ ఎన్ని సంవత్సరములు గడచెనో గాని, ప్రభువు వానిని ఒక్కసారియు తొందరపెట్టినట్లు కనబడదు.

ఇది చదివి, ఖాళీ గడులే సరియని మేము తేల్చుకొనినట్లు ఎవరును అనుకొనవద్దు. నీకొదేము దాగియుండెను గాని ప్రభువు దాచలేదు. మా రిజిష్టరులో దాచినది ఆ ముగ్గురు కారు, మేము. సంఘము ఇచ్చిన బాప్తిస్మమును సంఘపు పుస్తకమే ఎరుగదనుట అబద్ధము. ఆ అబద్ధమునకు కలము మాది. భయపడువాడు ఆగవచ్చును, ఆగుటకు వానికి హక్కు కలదు. కాపరి లేని వ్రాతను ఉన్నట్లుగాని, ఉన్న బాప్తిస్మమును లేనట్లుగాని చేయరాదు. ఈ సంగతిని మా పై అధికారులకు వ్రాసి ఒప్పుకొంటిమి. ఏమి చేయుదురో తెలియదు. ఆ ముగ్గురిని వారి సెలవులేక బయటపెట్టము. వారియొద్దకు వెళ్లి, మీ పేర్లు వ్రాయుటకు మీరు సమ్మతించు దినమువరకు ఆ గడులు అట్లే యుండుననియు, అవి ఖాళీగా నుండుట మా తప్పేగాని మీది కాదనియు చెప్పితిమి. అందులో ఒకతె, “రాయండి అయ్యగారూ, నాకు పెండ్లయి పిల్లలు పుట్టినారు, ఇంకేం కాగితం,” అనెను. రెండవ గడి నిండెను.

ఉత్తర్వు న్యాయమైనదా అని కొందరు చదువరులు అడుగుదురు. బాప్తిస్మము అంటరానితనమును తీసివేయకపోగా, దానికి మందుగా ఇచ్చినదానిని మాత్రము తీసివేయుట న్యాయమని మాకు తోచదు. ఇది కోర్టులలో వాదింపబడుచు వచ్చిన సంగతి. మన పెద్దలు దీనికొరకు విజ్ఞాపనలు చేయవలెను, చేయుచున్నారు. ఆ తీర్పు వచ్చువరకు పల్లెలోని కాపరి ఇంటికి రాత్రులు మనుష్యులు వచ్చుచునే యుందురు.

ఆ పిల్లవానికి చెప్పితిమి: నీ పేరు వ్రాయనిదే బాప్తిస్మమియ్యము, నిన్ను వ్రాయుమని ఒత్తిడి చేయము, వచ్చుట మాత్రము మానవద్దు అని. వాడు కొంతసేపు తలవంచుకొని కూర్చుండెను. బాప్తిస్మము దేవుని దగ్గర వ్రాయబడునది గదా, మన పుస్తకమెందుకు అని అడిగెను. దేవుని పుస్తకమును మేము వ్రాయము, మేము వ్రాయునది ఒక్కటే, దానిలో అబద్ధముండరాదని చెప్పితిమి. వాడు ఒప్పుకొనెనో లేదో తెలియదు. తండ్రికి మాత్రము మామీద కొంచెము కోపము కలిగినది. రెండు మాసములు గుడికి రాలేదు.

పిల్లవాడు వచ్చుచున్నాడు. ఇప్పుడు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. శనివారము చిత్తూరునుండి బస్సు దిగి, ఇంటికి పోయి అన్నము తిని, వీధి సద్దుమణగిన తరువాత వచ్చును. యోహాను సువార్తను మొదటినుండి కలిసి చదువుచున్నాము. ఒక్కొక్కమారు ఒక వచనముదగ్గరనే రాత్రి గడచిపోవును, వాడు అడుగు ప్రశ్నలట్టివి. క్రిందటి శనివారమునకు ఏడవ అధ్యాయము ముగించితిమి.